కొండ మీద బిళ్ళాట

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

లెక్కల మాస్టారు ముందు వరసలోనే కూర్చున్నారు కాబట్టి ఈవేళ అంకెలు కాస్త జాగ్రత్తగా చెబుతాను.

కార్యవర్గం వారు నన్ను ‘అమెరికాలో నా అనుభవాలు’ అనే విషయం మీద మాట్లాడమన్నారు. అమెరికాలో నా అనుభవం అంటే చాలావరకు మా అమ్మాయి వంటింటి అనుభవమే. మూడుసార్లు వెళ్ళాను, వెళ్ళినప్పుడల్లా ఆరేసి నెలలున్నాను. మనవల్ని ఎత్తుకున్నాను, కారాలు కొట్టాను, మంచు చూశాను. ఇవన్నీ మీలో సగం మందికి నాకంటే బాగా తెలుసు. అందుకని వాటి జోలికి పోను. మూడోసారి వెళ్ళినప్పుడు, అరవై దాటాక, అక్కడ ఒక ఆట నేర్చుకున్నాను. దాని సంగతి చెబుతాను. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, తరవాత నాకు అడ్డం రాకుండా ఉంటుంది.

ఆట పేరు డిస్క్ గోల్ఫ్. గోల్ఫ్ అంటే కర్రతో చిన్న బంతిని కొట్టి గుంటలో వెయ్యడమని అందరికీ తెలుసు. విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు ఉందని విన్నవాళ్ళే గానీ లోపల అడుగుపెట్టినవాళ్ళు మనలో తక్కువ. ఈ డిస్క్ గోల్ఫులో కర్రా లేదు, బంతీ లేదు, గుంటా లేదు. ఉన్నదల్లా ఒక ప్లాస్టిక్ బిళ్ళ. జానెడు వెడల్పు, 175 గ్రాములకు కాస్త అటూ ఇటూగా బరువు. దాన్ని విసిరి దూరంగా ఉన్న బుట్టలో వెయ్యాలి. ఇనప స్తంభానికి నడుమెత్తులో బుట్ట, దానిపైన చుట్టూ గొలుసులు వేలాడుతుంటాయి. బిళ్ళ వచ్చి గొలుసులకు తగిలి, జోరు చచ్చి, బుట్టలో పడుతుంది. ఒక్క విసురుకే పడదు కదా, అది ఎక్కడ పడితే అక్కడికి నడిచి వెళ్ళి, అక్కణ్ణుంచి మళ్ళీ విసరాలి. ఎన్ని విసుర్లయ్యాయో అదే లెక్క. తక్కువ విసిరినవాళ్ళు గెలిచినట్టు. మొత్తం 18 బుట్టలు. ఒక్కోదానికి మూడేసి విసుర్లు వేసుకుంటే 54. మాస్టారూ, సరిపోయిందాండీ?

మా అమ్మాయి వాళ్ళు ఉండేది మసాచుసెట్స్ రాష్ట్రంలో, వూస్టర్ దగ్గర. ఆ పక్కనే లెస్టర్ అనే చిన్న ఊరుంది. అక్కడ మేపుల్ హిల్ అనే చోటుంది. ఆ దేశంలో ఈ ఆట ఎక్కువగా పార్కుల్లో ఆడతారు, చాలాచోట్ల పైసా కట్టక్కర్లేదు. మేపుల్ హిల్ అలా కాదు, సొంత భూమి. క్రిస్మస్ చెట్లు పెంచే తోట. రుసుము కట్టి లోపలికి వెళ్ళాలి. ఏటా ఎంవీపీ ఓపెన్ అనే పోటీకి ఎక్కడెక్కడి మొనగాళ్ళో అక్కడికి వస్తారు. మామూలు రోజుల్లో మాత్రం నాలాంటి అమ్మమ్మలు కూడా వెళ్ళొచ్చు. ఒక్కో బుట్టకూ విసరడం మొదలుపెట్టే చోట్లు నాలుగుంటాయి, నాలుగు రంగుల్లో. మొనగాళ్ళకు బంగారు రంగు, అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఎర్రవి మనకు.

నేల అంతా ఎగుడుదిగుడు. ఒక బుట్ట ఎత్తు మీద, ఒకటి లోయలో, ఒకటి చెరువు అవతలి గట్టున. మధ్యలో బండరాళ్ళు, పాత రాతి గోడలు. పూర్వం అక్కడి రైతులు చేలల్లోంచి ఏరిన రాళ్ళతో కట్టుకున్న గట్లవి. తరవాత సేద్యం మానేస్తే అడవి పెరిగి వాటిని కలిపేసుకుంది. ఆ పక్కల ఎక్కడ నడిచినా ఇలాంటి గోడలు కనిపిస్తాయి. వరికీ చెరకుకీ పనికిరాదని మనం వదిలేసే నేల ఎలా ఉంటుందో ఆ నేల అలా ఉంటుంది. చదును చెయ్యలేదు, చెట్లు అవసరమైన మేరకే తీశారు. అదే ఆట. చదునుగా ఉంటే ఇందులో మజా లేదు.

మొదటిరోజు నేను ఆడటానికి వెళ్ళలేదు. మనవరాలికి తోడుగా వెళ్ళాను, ఫ్లాస్కులో టీ పట్టుకుని. మూడో బుట్ట దగ్గర ఆ పిల్ల నా చేతిలో బిళ్ళ పెట్టి, “నువ్వు వెయ్యి అమ్మమ్మా” అంది. వేశాను. పది గజాల అవతల, నేను చూస్తున్న వైపు కాకుండా, మా అల్లుడు నిలబడ్డ వైపు పడింది. ఆయన పక్కకు గెంతి, “పర్లేదు అత్తయ్యగారూ, అందరికీ మొదట ఇంతే” అన్నాడు. ఆ పూట తొమ్మిది బుట్టలకు నా లెక్క 63. బుట్టకి ఏడు. మనవరాలు ప్రతి విసురూ పైకి లెక్కపెట్టింది, ఆరు దాటాక గొంతు ఇంకా పెంచింది.

దీన్ని బలంతో విసిరితే పని జరగదు. అది తెలియడానికి నాకు నెల పట్టింది. బిళ్ళ గాలిలో నిలబడేది బొంగరం లాగా తిరగడం వల్ల. తిరుగుడు బాగుంటే తిన్నగా పోతుంది. జోరు తగ్గాక ఒక పక్కకి ఒరిగి దిగుతుంది. కుడిచేత్తో, పేకముక్క విసిరినట్టు చెయ్యి అడ్డంగా లాగి విసిరితే చివర్లో ఎడమకు తిరుగుతుంది. అది తప్పు కాదు, దాని స్వభావం. ఎడమకు పోతుందని ముందే తెలుసు కాబట్టి కుడివైపు గురిపెట్టాలి. బిళ్ళలు కూడా ఒక రకం కాదు. అంచు సన్నగా, పదునుగా ఉన్నవి దూరం పోతాయి. అంచు లావుగా ఉన్నవి నెమ్మదిగా, తిన్నగా పోతాయి, అవి బుట్ట దగ్గరికి వచ్చాక వాడేవి. నాలాంటివాళ్ళు దూరానికి కూడా ఆ లావు అంచువే వాడుకోవడం మేలు. పదునువి జోరుగా విసరగలిగిన చేతికే లొంగుతాయి.

ఇదంతా చదును నేల సంగతి. కొండ మీద ఇంకో చదువు మొదలవుతుంది. ఎగువకు విసిరేటప్పుడు మన కళ్ళు పైకి చూస్తాయి, చేతిలో బిళ్ళ ముందు అంచు కూడా పైకి లేస్తుంది. అంతే, అది కొంతదూరం లేచి, గాలిలో ఆగిపోయి, వెనక్కి మన కాళ్ళ దగ్గరికే వస్తుంది. “ముక్కు ఎత్తకండి అత్తయ్యగారూ” అని మా అల్లుడు ఎన్నిసార్లు అన్నాడో! దిగువకు విసిరితే ఇంకో చిక్కు. నేల కిందికి పోతూ ఉంటుంది కాబట్టి బిళ్ళ ఎక్కువసేపు గాలిలోనే ఉంటుంది, ఆ పక్కకు ఒరిగే గుణం చూపించడానికి దానికి బోలెడు సమయం దొరుకుతుంది. ముచ్చటగా పోతోందే అనుకుంటూ ఉంటే చివర్లో ఎక్కడో ముళ్ళపొదల్లోకి తిరుగుతుంది. అన్నిటికంటే దారుణం బుట్ట దగ్గర. బుట్ట వాలులో ఉందనుకోండి, మీ బిళ్ళ గొలుసుకు తగిలీ తగలకుండా అంచు మీద నేలకు దిగిందా, ఇక అది చక్రమే. దొర్లుకుంటూ కిందిదాకా పోతుంది. పది అడుగుల్లో ఉన్న ఆటని వంద అడుగుల అవతలికి తీసుకుపోయిన రోజులున్నాయి నాకు. అలాంటి చోట పెద్దాటగాళ్ళు కూడా తెగించి బుట్టకి వెయ్యరు, దగ్గరగా పడేసుకుని తరవాతి విసురుకు వేసుకుంటారు.

ఈ ఆట ఎలా పుట్టిందో కూడా కొంచెం చెప్పాలి. 1930లలో కాలిఫోర్నియాలో ఫ్రెడ్ మారిసన్ అనే ఆయన, ఆయన పెళ్ళాడబోయే అమ్మాయి సముద్రపొడ్డున కేకులు చేసుకునే రేకు పళ్ళెం ఒకటి విసురుకుంటున్నారట. ఎవరో వచ్చి, ఐదు సెంట్ల పళ్ళేనికి పాతిక సెంట్లిస్తాను అమ్ముతారా అని అడిగాడట. అక్కడ మొదలైన ఆలోచన 1957లో వామ్-ఓ అనే కంపెనీ చేతికి ప్లాస్టిక్ పళ్ళెంగా వచ్చింది. అదే ఫ్రిస్బీ. ఆ కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ దాన్ని గాలిలో నిలకడగా పోయేటట్టు సరిచేశాడు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ మైదానం పెట్టించిందీ ఆయనే. మొదట్లో స్తంభానికి తగిలితే చాలు. తగిలిందని ఒకరు, తగల్లేదని ఒకరు తగువులాడుకునేవారట. అందుకని గొలుసుల బుట్ట తయారుచేశాడు. తగిలితే గలగలమంటుంది, ఇంక సాక్ష్యం అక్కర్లేదు. 2002లో ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారం చితాభస్మం ప్లాస్టిక్‌లో కలిపి బిళ్ళలు పోయించారు. మనం గోదాట్లో కలుపుతాం, ఆయన గాలిలో కలిశాడు అనుకున్నాను.

లాభాలు చెప్పి నష్టాలు దాచకూడదు. అక్కడి గడ్డిలో పిడుదులుంటాయి. మన దగ్గర గొడ్లకు పట్టేవాటికి చుట్టాలు. కుడితే ఒక రకం జ్వరం రావచ్చు, అందుకని కాళ్ళు పూర్తిగా కప్పుకుని వెళ్ళి, ఇంటికి రాగానే ఒళ్ళంతా చూసుకోవాలి. ఆకులు రాలే రోజుల్లో ఎర్రబిళ్ళ తీసుకెళ్ళారో, మేపుల్ ఆకుల్లో దాన్ని వెతకడానికే సాయంత్రం అయిపోతుంది. ఆ ఆకులే వాన పడితే సబ్బులా జారతాయి. అక్టోబరులో ఒక ఆదివారం దిగువకు విసిరి, అది ఎటు పోయిందో చూస్తూ రెండడుగులు వేసి, కూర్చున్నట్టుగా పది అడుగులు జారాను. మడమ బెణికింది. మూడు వారాలు సోఫాలో ఉన్నాను. “ఇంక చాలమ్మా, ఈ వయసులో నీకెందుకిది” అంది మా అమ్మాయి.

ఆ మూడు వారాలూ ఆ ప్రశ్నే ఆలోచించాను. నాకెందుకిది?

మన బడిలో ఐదేళ్ళు చదివాను. ఇక్కడ నుంచి చూస్తే కనిపిస్తోందే, ఆ గ్రౌండులో ఐదేళ్ళలో నేను ఆడిన ఆటలు సున్నా. డ్రిల్లు పీరియడ్‌లో మగపిల్లలు గ్రౌండులోకి, మేం వరండాలోకి. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మనా లేదు. అప్పటి పద్ధతే అది. మా ఆట వరండా చివర సుద్దముక్కతో గీసుకున్న తొక్కుడుబిళ్ళ. పెంకుముక్క గడిలో పడాలి, గీత మీద పడితే ఔట్. ఇప్పుడు ఆలోచిస్తే అదీ బిళ్ళ విసరడమే, కాకపోతే మోచెయ్యి ఒంటికి అంటిపెట్టుకుని, నాలుగడుగుల దూరానికి.

చెయ్యి పూర్తిగా చాపి విసిరే రోజు మాకు ఏడాదికి ఒక్కటి ఉండేది. కనుమ. శంకరం దగ్గర బొజ్జన్నకొండకు తీర్థానికి వెళ్ళేవాళ్ళం కదా. అక్కడ పొట్టలా ఉబ్బిన చోటొకటి ఉంది, అది రాక్షసుడి బొజ్జ అనుకుని జనం రాళ్ళు విసిరేవాళ్ళు. ఆడ, మగ, చిన్నా, పెద్దా అందరూ. అది బౌద్ధుల కట్టడమనీ, రాళ్ళు వేస్తే పాడవుతుందనీ మాకప్పుడు ఎవరూ చెప్పలేదు. తరవాత ఇంటాక్ వంటి సంస్థలవాళ్ళు ఆ రాళ్ళు వెయ్యడం మాన్పించాలని ఎంతో పాటుపడ్డారు. పాటుపడి మంచిపని చేశారు. నేను వేసిన రాళ్ళకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. కానీ ఆ రోజున చెయ్యి భుజం నుంచి పూర్తిగా తిరిగిన ఆ సంగతి మాత్రం నా చెయ్యి మరచిపోలేదు.

మాలో బాగా విసిరేది నేను కాదు. నా బెంచీలో నా పక్కన కూర్చునే అమ్మాయి. దాని గురి సంగతి మా బ్యాచ్ మగపిల్లలకు కూడా గుర్తుండే ఉంటుంది. బడి వెనకాల మామిడిచెట్టు మీద ఏ కాయ అని చూపిస్తే ఆ కాయే, ఒక్క రాయికి. కాయ కిందపడ్డాక రాయి పడేది. తొమ్మిదో తరగతి సంక్రాంతి సెలవులకు వెళ్ళింది, మళ్ళీ రాలేదు. పెళ్ళి చేసేశారు. బెంచీలో దాని చోటు ఏడాది చివరిదాకా అలాగే ఉంచాను, పుస్తకాల సంచి పెట్టుకుని.

మడమ నయమయ్యాక మళ్ళీ మేపుల్ హిల్‌కి వెళ్ళాను. తిరుగు ప్రయాణానికి ముందు ఎర్ర చోట్ల నుంచి 18 బుట్టలూ 97కి ముగించాను. మనవరాలు ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించింది. వచ్చేటప్పుడు సూట్‌కేసులో మూడు బిళ్ళలు తెచ్చుకున్నాను, మా అమ్మాయి పెట్టిన చాక్లెట్లు కొన్ని తీసేసి.

ఈ స్వర్ణోత్సవానికి పిలుపులు పంచే పని మా బ్యాచ్ తరఫున నాకు ఇచ్చారు. జాబితా చూశాను. దాని పేరు లేదు. అడిగితే, టెన్త్ పాసైనవాళ్ళ రిజిస్టరు నుంచి జాబితా తీశామన్నారు. వాళ్ళ తప్పు కాదు, ఎక్కడో ఒకచోట నుంచి తియ్యాలి కదా. కానీ మా తరగతిలో ఆరో క్లాసులో చేరిన ఆడపిల్లలం పంతొమ్మిది మందిమి. జాబితాలో ఎనిమిది మందిమి ఉన్నాం. పదకొండు మంది ఈ బడిలో ఎప్పుడూ చదవనట్టే.

పోయిన ఆదివారం వెతుక్కుంటూ వెళ్ళాను. ఎంతో దూరం కాదు, కశింకోట దాటాక పల్లె. చెరకు గానుగాడి, బెల్లం వండి, దిమ్మలు అనకాపల్లి యార్డుకు పంపే ఇల్లు. ఇప్పుడు కొడుకులు చూసుకుంటున్నారు. నన్ను చూసి కాసేపు పోల్చుకోలేదు. తరవాత, “ఒసే, నువ్వటే!” అని నా రెండు చేతులూ పట్టుకుంది. కబుర్లయ్యాక సంచిలోంచి బిళ్ళ తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, “ఏటే ఇది, మూకుడు మీద మూతా?” అంది.

ఆ సాయంత్రం ఇద్దరం మన బ్యాచ్ మిత్రుడి జీడితోటకు వెళ్ళాం. ఇక్కడే కూర్చున్నాడు, పేరు చెప్పొద్దన్నాడు. కొండవాలు తోట. వెల్డింగు షాపులో పాత సైకిల్ రిమ్ముకి పశువుల గొలుసులు వేలాడదీయించి, కింద వెదురు గంప కట్టించి, వారం ముందే అక్కడ పాతించాను. ఆ కంపెనీ బుట్టలు కొనాలంటే వందల డాలర్లు. ఇది ఎంతయిందో చెబితే మా అల్లుడు నమ్మలేదు. ముందు నేను విసిరి చూపించాను, ముక్కు ఎత్తకూడదనీ, కుడివైపు గురిపెట్టాలనీ అన్నీ చెప్పాను. అది విన్లేదు. చీర కొంగు బొడ్లో దోపుకుని, భుజం నుంచి చెయ్యి తిప్పి, రాయి విసిరినట్టే విసిరింది. బిళ్ళ లేచింది, ఇంకా లేచింది, పైకి పోయి జీడిచెట్టు నడినెత్తిన చిక్కుకుంది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. రెండోది ఇచ్చాను. ఈసారి నా మొహం చూడకుండా, “అడ్డంగా నాగాలి, అంతే గదా” అంది. నలభై అడుగులు. గొలుసులకు తగిలి బయట పడింది గానీ, గలగలమన్న చప్పుడు మాత్రం వచ్చింది. అది వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు నేను ఇక్కడ చెప్పలేను.

కార్యవర్గం వారిని రెండు అడుగుతున్నాను. ఒకటి, జాబితా. ఆరో తరగతి అడ్మిషన్ రిజిస్టర్లు ఆఫీసు గదిలో బీరువాలో ఉన్నాయని హెడ్‌మాస్టరుగారు చెప్పారు. ఈ సావనీరు అచ్చుకు వెళ్ళేలోగా వాటిలోంచి పేర్లు రాసిపెట్టడానికి నేను, మరో ఇద్దరం సిద్ధంగా ఉన్నాం. మూడు రోజులు బీరువా తాళం ఇవ్వండి చాలు. రెండోది, నిధి. స్వాగత తోరణం కట్టిద్దామని అంటున్నారు. కట్టండి, కాదనను, నా వంతు ఇచ్చాను కూడా. కానీ అందులోంచి ఓ తొమ్మిది గొలుసుల గంపలకు సరిపడా పక్కన పెట్టండి. తోట ఆసామి ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద. జీడిపూత మొదలైంది మొదలు పిక్కలు ఏరడం అయ్యేదాకా లోపల ఎవరూ తిరగకూడదు. న్యాయమైన షరతే, ఆయన తోట ఆయనది. మిగిలిన నెలల్లో ఆదివారాలు పొద్దున్న ఈ బడి పిల్లలు ఆడుకోవచ్చు. ముందుగా ఆడపిల్లలకు చెప్పండి, మగపిల్లలకు ఎలాగూ తెలిసిపోతుంది.

రేపు కార్తీక వనభోజనాలు ఆ తోటలోనే కదా. దాన్ని ఈ సభకు రమ్మన్నాను. “సబకి నాను రాను. నా పేరు నేదుగదా. తోటకైతే వొస్తాను” అంది. చెట్టు మీది బిళ్ళ ఇంకా అక్కడే ఉంది, చెట్లెక్కగలిగిన కుర్రవాళ్ళెవరైనా ఉంటే కాస్త ముందుగా రండి. పొద్దున్న ఆరింటికి మొదలుపెడతాం, ఎండ ఎక్కేలోగా. కొండవాలు, రాళ్ళుంటాయి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకుని రండి.